నంది తల దొంగ

మహదేవపూర్ దాటినంక అడవి అంచున పాత రాతి గుడి ఒకటుంది. ముందున్న నందికి తల లేదు. అది ఎటు పోయిందో ఊళ్లోని ముసలాయన గణపతిని అడగాల్సిందే. ఆయనకూ తెలియదనుకోండి, అయినా చూడవచ్చినవాళ్లకు ముప్పై ఏండ్లుగా చెబుతూనే ఉన్నాడు. దొంగ బండిమీద వేసుకుపోతుంటే ఆ తల దారి పొడుగునా రంకెలు వేసిందట, ఏడూళ్ల బర్రెలు పాలియ్యడం మానేశాయట, వాడు జడుసుకొని గోదాట్లో పారేశాడట.

దొంగ ఊరు మాత్రం ఎదుట నిలబడ్డ మొఖాలను బట్టి మారేది. భూపాలపల్లివాళ్లు వస్తే దొంగది జనగామ దిక్కు, జనగామవాళ్లు వస్తే భూపాలపల్లి. రెండూళ్లవాళ్లూ కలిసొచ్చిన రోజు దొంగ మూగోడు, ఊరు చెప్పలేదు.

పోయిన ఎండాకాలం సాగర్ అనే పిలగాడు వచ్చి గుడి దగ్గర బోర్డు పెట్టాడు. దానిమీది గళ్లబొమ్మను ఫోనుతో స్కాన్ చేస్తే గుడి కథ గణపతి గొంతులో వినిపిస్తుంది. రికార్డు చేసిననాడు ఎదుట ఏ ఊరివాళ్లూ లేరు. దొంగతనం ఎవరిమీద పెట్టాలో తోచలేదు. పొద్దున చాయ్ దగ్గర పక్కింటి పోశాలు తన బోసినోటిని వెక్కిరించింది యాదికొచ్చి, "ఆ దొంగ మా ఊరి కొంరయ్యే" అనేశాడు. కొంరయ్య పోశాలు నాయిన. చిన్నప్పుడు గణపతికి జ్వరమొస్తే భుజాన వేసుకొని దవాఖానకు మోసిన మనిషి.

నిన్న బడిపిల్లలు వచ్చారు. టీచరు పద్మలత బొమ్మను స్కాన్ చేసి ఫోను పైకి పట్టుకుంది. గణపతి తన గొంతుకు తానే మురిసిపోతూ విన్నాడు. ఆ పేరు వచ్చేసరికి పిల్లలంతా పోశాలు మనవరాలు అఖిల దిక్కు తిరిగారు.

"మీ ముత్తాతేనా గాయన?"

అఖిల గణపతిని చూసింది. "నిజమేనా తాతా?"

"అబద్ధం బిడ్డా. నేనే ఊకె చెప్పిన."

"అఖిల ఉందని తాత మాట మారుస్తుండు. ఫోన్ల సాఫ్ సాఫ్ చెప్పిండు గదా," అన్నాడొకడు. అందరూ నవ్వారు.

గణపతి సాగర్‌కు ఫోన్ చేశాడు. "మార్చాల్నంటే నెల పడ్తది తాతా. అయినా అందరికి నచ్చింది గదా," అన్నాడు వాడు.

సాయంత్రం గణపతి పోశాలు ఇంటికి పోయాడు. అఖిల అప్పటికే చెప్పినట్టుంది. పోశాలు తిట్టలేదు. మంచం మీద జరిగి జాగా ఇచ్చాడు.

"నామీద కోపముంటే నన్నే దొంగను జేసేదుండె గణపతన్నా. మా నాయిన ఏం జేసిండు నీకు?"

ఎవరేమన్నా మాటకు మాట అంటించే గణపతి మంచం మీంచి లేచాడు.

"రేపు బడిల నిజం చెప్త," అన్నాడు.

చెప్పాడు కూడా. ప్రార్థన అయ్యాక పిల్లల ముందు నిలబడి, తనను భుజాన మోసిన కొంరయ్య సంగతి, తాను ఆడిన అబద్ధం అన్నీ చెప్పాడు. నోరు తెరవకముందే నవ్వు మొదలుపెట్టిన పిల్లలు, అదీ ఒక కథే అనుకొని అయిపోయాక చప్పట్లు కొట్టి, "ఇంకోటి చెప్పు తాతా," అన్నారు.

రెండో వరుసలో అఖిల మాత్రం తల ఎత్తలేదు.