నాలుగు వేళ్ల నల్లమట్టి

పూత మీదున్న మా జీలుగ పైరును భూస్వామి ట్రాక్టరు తొక్కేస్తుంటే గట్టు మీద నిలబడి చూశాం. మరో రెండు రోజుల్లో దాన్ని మేమే నేలలో కలియదున్ని ఎరువు చేసుకోవాల్సింది. ఈ రెండెకరాలు ఇక మీవి కావు, కాలవ అవతలి చౌడు తీసుకుని దాన్నీ ఇలాగే బాగుచేయండి అని ఆయన గుమాస్తా చెప్పాడు.

ఏడేళ్ల కిందట ఇదీ చౌడే. గడ్డి కూడా మొలిచేది కాదు. ఆరు కుటుంబాలం కౌలుకు తీసుకున్నాం. పేడ, రాలిన ఆకు, వంటింటి తొక్కలు, కోసిన పైరు మోళ్లు, ఏదీ పారేయలేదు. ఆఖరికి పశువుల మూత్రం కూడా కుండల్లో పట్టి మోశాం. అలా మోయగా మోయగా నాలుగు వేళ్ల లోతు నల్లమట్టి తయారైంది.

ఒక తప్పు మాత్రం మాదే. ఆ మట్టంటే మా పెద్దమ్మకు మహా మురిపెం. భూస్వామి అటు వచ్చినప్పుడల్లా గుప్పెడు తీసి ఆయన అరచేతిలో పోసేది. వాసన చూడండయ్యా, వానపాముల్ని చూడండయ్యా అనేది. ఆయన కన్ను పడుతోందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

అందరం కలిసి వెళ్లి నిలదీశాం. ఆయన కుర్చీలోంచి లేవనైనా లేదు, నవ్వాడు.

"నేల నాది. పేడ మీది. మీ పేడ మీరు ఏరుకుని పొండి."

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

పశువుల పాకలో మీటింగ్ పెట్టుకున్నాం. కోర్టుకెళ్దామన్నాడు మామయ్య. అది తేలేలోపు మన జుట్టు నెరుస్తుందని అత్త కసిరింది. కొందరు ఆయన పంటకు నిప్పు పెడదామని లేచారు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"బూడిద కూడా వాడికి ఎరువేరా. ఇక చిటికెడు ఎరువు కూడా వాడికి దక్కకూడదు. ఏరుకోమన్నాడుగా, ఏరుకుందాం."

మర్నాడు పొద్దెక్కాక, అందరూ చూస్తుండగానే పార వేశాం. గీకిన నల్లమట్టిని గంపలకెత్తి కాలవ పక్కన ఎవరిదీ కాని రాళ్ల బీడులో పోశాం. కబురు తెలిసి ఇటుక బట్టీ కూలీలు వచ్చారు, కాలేజీ పిల్లలు వచ్చారు. కర్రలతో వచ్చిన గుమాస్తా మనుషులు మూడొందల మందిని చూసి వెనక్కి తిరిగారు. నాకు కడుపు నిండినంత పనైంది.

మూడో రోజు సాయంత్రం భూస్వామి పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికి అడుగున ఉన్న చౌడు తేలి పొలం తెల్లబడిపోయింది. ఎవరు చేయించారని ఇన్‌స్పెక్టరు అడిగితే మూడొందల గంపలు పైకి లేచాయి. పోలీసులు మాత్రం పెద్దమ్మ రెక్క పట్టుకున్నారు. ఆమె విదిలించుకుని, వంగి గుప్పెడు చౌడు తీసి, ఎప్పటిలాగే భూస్వామి అరచేతిలో పోసింది. ఈసారి అయ్యా అనలేదు.

"నువ్వు మాకిచ్చింది ఇదే. తిరిగిచ్చేశాం. నాలుగూళ్లలో నీ కౌలుదార్లు చేసిన నల్లమట్టి ఇంకా ఉంది, చూసుకో."

ఆయన ముఖాన నెత్తురు చుక్క లేదు. పెద్దమ్మను ఎక్కించుకుని జీపు కదిలింది.

తెల్లారి ఆ నాలుగూళ్ల కౌలుదార్లు బండ్లు కట్టుకుని వచ్చారు. పార ఎంత లోతు వేయాలో చూపించడానికి మేం ముందు నడిచాం.