మాస్టరు పాసైన పరీక్ష

కటింగ్ మాస్టరు నాలుగో డజను బొత్తాలు కుట్టి దారం కొరికాడు. ముప్పై ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యి, సూది పట్టమంటే మొరాయిస్తోంది. చొక్కా లోపల ఛాతీ మీద అయిదుచోట్ల బిళ్లలు అంటించి ఉన్నాయి. వాటి తీగలు నడుముకు కట్టిన చిన్న పెట్టెలోకి దిగుతున్నాయి. నిన్న సాయంత్రం నుంచి ఇవాళ సాయంత్రం దాకా ఆయన గుండె ఎన్నిసార్లు, ఎలా కొట్టుకుందో ఆ పెట్టె రాసుకుంటుంది.

అందుకే మాస్టరు ఇవాళ కత్తెర ముట్టలేదు. పొడుగు బల్ల దగ్గర ఆయన చోట కాజాల అక్క నిలబడి కత్తిరిస్తోంది. రోజూ చొక్కాలకు కాజాలు కుట్టుకునే మనిషి, ఒక్క రోజుకి కటింగ్ మాస్టరైపోయింది.

"గీత మీదే పోనివ్వు చెల్లెమ్మా. కత్తెర ఎత్తకు, బల్లకి ఆనించే నడుపు."

"మీరు మాట్లాడకండి మాస్టారూ! మాట్లాడినా ఆ పెట్టె రాసుకుంటుందేమో."

షెడ్డులో కుట్టుమిషన్ల మీద ఉన్న నలుగురూ ఫక్కున నవ్వారు. మాస్టరు కూడా నవ్వబోయి, నడుము దగ్గర పెట్టెను చూసుకుని సర్దుకున్నాడు.

సన్నటి మనిషి. వంగి కత్తిరించీ కత్తిరించీ కుడిభుజం జారిపోయింది. బొటనవేలి మొదట్లో చింతగింజంత కాయ. కత్తెర ఒరుసుకోకుండా దాని పిడికి పాత చొక్కా అంచు చింపి చుట్టుకున్నాడు. కొత్త పీలిక చుట్టుకోమని భార్య ఎన్నిసార్లు పోరినా వినలేదు.

ఆయన గుండె సంగతి డాక్టరు కంటే ముందు ఈ షెడ్డుకే తెలుసు. కరకరమని సాగే కత్తెర ఉన్నట్టుండి ఆగేది. లోపల గుండె తొందరపడి ఒక దెబ్బ ఎక్కువ కొట్టి, ఒక్క క్షణం ఊరుకుని, ఆ తర్వాత దబ్బున తన్నేది. అది కుదుటపడేదాకా మాస్టరు చెయ్యి కదిపేవాడు కాదు. గుడ్డ పాడైపోదూ మరి! కుట్టేవాళ్లు కూడా కాలు ఆపి ఎదురుచూసేవాళ్లు. కత్తెర మళ్లీ కరకరమన్నాక మిషన్లు మొదలయ్యేవి. మొదట్లో రోజుకి ఒకటి రెండుసార్లు. ఈ ఏడాది గంటలో ఎన్నిసార్లో చెప్పలేం. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు.

పెట్టె కట్టించే ముందే డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "ఇలాంటి అదనపు దెబ్బలు అప్పుడప్పుడు అందరికీ వస్తాయి బాబాయ్‌గారూ. రోజుకి వేలల్లో, ఏళ్ల తరబడి వస్తే మాత్రం గుండె కండరం అలిసిపోయి సాగిపోవచ్చు. మీది ఇప్పటికే నీరసించింది. దెబ్బల వల్ల కండరం చెడిందా, కండరం చెడి దెబ్బలు పుడుతున్నాయా అన్నది తేలాలి. దెబ్బల వల్లే అయితే వాటిని ఆపే దారి ఉంది. ఆపితే కండరం చాలావరకు కోలుకోవచ్చు. అందుకని పెట్టె కట్టుకున్న రోజు మీ పని మీరు మామూలుగా చెయ్యాలి. దడ వచ్చినప్పుడల్లా ఈ కాగితంలో టైము రాయాలి."

మాస్టరు బుద్ధిగా తలూపాడు. కానీ ఆయన చెవిలో ఓనరు మాటే మోగుతోంది. "రిపోర్టు తెచ్చి చూపించు మాస్టారూ. బాలేదంటే నిన్ను బొత్తాల దగ్గర కూర్చోబెడతాను. నిలబడి చేసే పని వద్దు." ఓనరు మంచికే అన్నాడు. మాస్టరుకి మాత్రం ప్రాణం చివుక్కుమంది. బొత్తాలు కుట్టే మనిషిని మాస్టరని ఎవరు పిలుస్తారు? రిపోర్టు బాగా రావాలి. బాగా రావాలంటే గుండెను ఆ ఒక్క రోజూ అదిలించకుండా ఉంచాలి. కాజాల అక్కతో చెప్తే, "దానికేం మాస్టారూ, మీరు కూర్చోండి, నేను చూసుకుంటా" అంది. పరీక్షకు వెళ్లే పిల్లాణ్ని చూసుకున్నట్టు అందరూ ఆయన్ని చూసుకున్నారు. ఒకామె మంచినీళ్లు తెచ్చిచ్చింది, ఇంకొకామె ఫ్యాను ఆయన వైపు తిప్పింది. ఎంత మంచివాళ్లో! ఏం చేస్తున్నారో వాళ్లకేం తెలుసు, పాపం.

సాయంత్రానికి కాగితంలో రెండే రెండు టైములున్నాయి.

"బుద్ధిగా ఉందయ్యా ఇవాళ!" అన్నాడు మాస్టరు ఛాతీ తట్టుకుంటూ. చాలాకాలానికి ఆయన మొహం కళకళలాడింది.

వారం తర్వాత డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు తిరగేసింది. "అదనపు దెబ్బలు చాలా తక్కువున్నాయే! వీటివల్ల కండరం ఇంతలా చెడదు. ఆ రోజు మామూలుగానే పని చేశారు కదా?"

పక్కన కూర్చున్న భార్య ఆయన వైపు చూసింది. ఆమెకి షెడ్డులో జరిగింది తెలియదు.

"ఆ, చేశానమ్మా."

ఇక దెబ్బలను ఆపే మాటే రాలేదు. కండరానికి మాత్రలు రాసిచ్చి, ఆరు నెలల తర్వాత రమ్మంది. మాస్టరు రిపోర్టు ఓనరు చేతిలో పెట్టి, అటునుంచి అటే బల్ల దగ్గరికి వెళ్లి కత్తెర అందుకున్నాడు.

నాలుగు నెలలు గడిచాయి. మాత్రలు తూచా తప్పకుండా వేసుకున్నాడు. చెప్పులు పాదాలకు బిగుతయ్యాయి. కత్తెర ఆగడం ఎక్కువైంది. "మళ్లీ వెళ్లండి మాస్టారూ" అని కాజాల అక్క అంటే, "పాసైనవాణ్ని మళ్లీ పరీక్ష రాయమంటావేంటి?" అని నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం, చొక్కా చేతులు కత్తిరిస్తుండగా, కత్తెర ఆగింది. అలవాటు ప్రకారం అందరూ కాళ్లు ఆపారు. ఎదురుచూశారు. షెడ్డులో ఫ్యాను చప్పుడొక్కటే వినిపించింది. ఎవరూ తలెత్తలేదు. ఇప్పుడో ఇంకాసేపటికో కరకరమంటుందని వాళ్ల ధీమా. చివరికి కాజాల అక్కే తలెత్తింది. మాస్టరు బల్ల మీద చెంప ఆనించి, గీత సరిగా ఉందో లేదో చూస్తున్నవాడిలా వాలిపోయి ఉన్నాడు.

పది రోజుల తర్వాత ఆయన భార్య టిఫిను డబ్బా తీసుకెళ్లడానికి వచ్చింది. కాజాల అక్క ఆమె రెండు చేతులూ పట్టుకుని బావురుమంది. "ఆ పెట్టె కట్టుకున్న రోజు ఆయన కత్తెర పట్టలేదు వదినా. నేను పట్టాను. ఆయన్ని కూర్చోబెట్టి నేను పట్టాను." భార్య ఒక చెయ్యి విడిపించుకుని ఆమె కళ్లు తుడిచింది. తర్వాత, "నాతో చెప్పి ఉంటే నేనూ కూర్చోమనేదాన్నే" అంది.

ఆమె డబ్బా తీసుకుంది కానీ బల్ల వైపు వెళ్లలేదు. అక్కడ, ఆ రోజు పరిచిన గుడ్డను ఎవరూ కదపలేదు. కత్తెర నోరు తెరుచుకుని, సగం కోసిన చొక్కా చెయ్యి దగ్గర ఆగి ఉంది. పిడికి చుట్టిన పాత పీలిక బొటనవేలి చోట నల్లగా నిగనిగలాడుతోంది, దాని ముందు సుద్దగీత ఇంకా జానెడు మిగిలి ఉంది.