నీళ్ళు కాగాయా?

పొద్దున్నే అయిదున్నరకి కెజియా నీళ్ళబిందె చంకనెత్తుకుని గేటు తీసిందంటే వట్లూరు చివరి వీధిలో ఎవరూ గడియారం చూసుకోనక్కర్లేదు. పదిహేను లీటర్ల స్టీలు బిందె అది. కాలవ గట్టు మీద గంటసేపు నడిచి ఇంటికొచ్చేసరికి అందులో నీళ్ళు వెచ్చబడి ఉండేవి. ఆ ఇంటి ఆడవాళ్ళు మోసిన నీళ్ళు అంతే. వాళ్ళ అమ్మమ్మ కొల్లేటి లంకలో ఉన్నప్పుడు మైలు దూరం నుంచి మంచినీళ్ళు తెచ్చి, పొయ్యి రాజెయ్యకుండానే పిల్లలందరికీ తలంట్లు పోసేసేదట. ఎంత ఒళ్ళు వంచితే నీళ్ళకి అంత వేడి. అందుకే వీధిలో ఎవరింట పురుడొచ్చినా మంత్రసాని కంటే ముందు కెజియా టీచరుకి కబురందేది.

"మా నాగదుర్గ బిడ్డకి రేపు పదకొండో రోజు స్నానమండి. ఓ బిందె మోసిపెడతారా టీచరుగారూ?" అని పక్కింటి సత్యవతిగారు గోడ మీద నుంచి అడిగారు.

"అలాగేనండి. ముందు మా తమ్ముడికి పోసి, రెండో నడకలో మీకు తెస్తాను."

ఆ తమ్ముడి పేరు ఏసుకుమార్. ఆకివీడులో చేపల వ్యాను నడిపేవాడు. పదో తరగతి తప్పాడు గానీ, ఏ ఎండకి ఎన్ని దిమ్మల ఐసు ఎంతసేపట్లో నీరవుతుందో నోటి లెక్కన చెప్పేసేవాడు. అతను లోడెత్తిన చేప ఎక్కడా మెత్తబడలేదని చెరువుల వాళ్ళకి గొప్ప నమ్మకం. పెళ్ళాం పురిట్లోనే పోతే, కూతురు జెస్సీని ఏడేళ్ళూ తనే పెంచాడు. పిల్లని పక్క సీట్లో కూర్చోబెట్టుకునే లోడుకి వెళ్ళేవాడు.

అలాంటివాడికి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లే కదా అని ఆకు పసరు తాగాడు. ఒక ఊళ్ళో తగ్గకపోతే ఇంకో ఊళ్ళో తాగాడు. తీరా విజయవాడ ఆస్పత్రికి వెళ్ళేసరికి లివర్ ఎండిపోయిందన్నారు. ఇంట్లోవాళ్ళెవరైనా లివర్లో కొంత ఇస్తే బతుకుతాడన్నారు. తల్లి ఎలిజబెత్తుకి వయసు దాటిపోయింది. కెజియాకి రక్తం కలిసింది, కొలతలు కలిశాయి, అన్నీ కలిశాయి.

"కానీ మీ లివర్లో కొవ్వుందమ్మా. ఇలా ఉన్నది తీస్తే మీకూ ప్రమాదం, ఆయనకీ పనిచెయ్యదు. పది వారాల్లో తొమ్మిది కిలోలు తగ్గి రండి. అంతకు మించి ఆయన ఆగలేరు," అన్నాడు డాక్టరు.

అదిగో, అప్పుడొచ్చింది ఇంట్లోకి వాచీ ఒకటి. కెజియా భర్త విజయ్ కుమార్ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఏదైనా అంకెల్లోకి దిగితే తప్ప ఆయనకి నిద్రపట్టదు. ఆయన కొనుక్కొచ్చిన ఆ వాచీ చేతికి కట్టుకుంటే గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చూసి, ఒంట్లో ఎన్ని క్యాలరీలు ఖర్చయ్యాయో చెప్పేస్తుందట. మొదటి రోజు గంట నడిచొస్తే నాలుగొందల ఎనభై కిలో క్యాలరీలు చూపించింది.

"కిలో క్యాలరీలంటే ఏంటి అల్లుడుగారూ? పూటకి నాలుగొందల ఎనభై కిలోలే?" అని నోరు తెరిచింది ఎలిజబెత్తు.

జబ్బుతో కూతుర్ని తీసుకుని అక్క ఇంటికే వచ్చేసిన ఏసుకుమార్ మంచం మీద పడుకునే నవ్వాడు. విజయ్ కుమార్ మాత్రం నవ్వకుండా కాగితం తీశాడు. పొద్దున గంట, సాయంత్రం గంట నడిస్తే రోజుకి తొమ్మిదొందల అరవై. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు ఏడువేల ఏడొందలు, అంటే ఎనిమిది రోజులకో కిలో. తొమ్మిది కిలోలకి డెబ్బై రెండు రోజులు. "రెండ్రోజులు అటూ ఇటూగా పది వారాలు. సరిగ్గా సరిపోయింది కెజియా," అన్నాడాయన. దేవుడే అంకె వేసిపెట్టినట్టు అనిపించింది అందరికీ. ఆ కాగితం బైబిల్లో పెట్టుకుంది ఎలిజబెత్తు.

ఇక ఆ ఇంట్లో వాచీ చెప్పిందే వేదం. నాలుగొందల ఎనభై దాటితే ఎలిజబెత్తు కొర్రమీను పులుసు ఇంకో గరిటె వడ్డించేది. "అంత కరిగించుకొచ్చావు కదే, తినకపోతే నువ్వూ మంచానపడతావు," అనేది. కెజియా సరేనని తినేది. వాచీ ఉందిగా, ధైర్యం.

మోసుకొచ్చిన నీళ్ళు రోజూ ఏసుకుమార్ స్నానానికే. పెరట్లో పీట మీద కూర్చోబెట్టి కెజియానే పోసేది. వాడి పక్కటెముకలు చూస్తూ, "నీళ్ళు కాగాయా తమ్ముడూ?" అని అడిగేది.

"బాగా కాగాయక్కా," అనేవాడు.

మూడో వారంలో ఒక ఆదివారం, గుడికెళ్ళే ముందు, వాడు బిందెలో చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంచాడు.

"ఇవాళ వాచీ ఎంత చూపించిందక్కా?"

"అయిదొందలు దాటిందిరా."

వాడు చెయ్యి తీసి తువ్వాలుకి తుడుచుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, "బావగారూ, అసలు క్యాలరీ అంటే ఏంటండీ?" అని అడిగాడు.

విజయ్ కుమార్ పేపర్లు దిద్దుకుంటూనే చెప్పాడు. "కిలో నీళ్ళని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి పట్టేది ఒక కిలో క్యాలరీ." పదిహేనేళ్ళుగా పిల్లలకి చెబుతున్న ముక్కే అది. చెప్పి మళ్ళీ పేపర్లలో పడిపోయాడు. ఏసుకుమార్ దూలాలకేసి చూస్తూ పడుకున్నాడు.

ఆ సాయంత్రం జెస్సీ వంటింట్లోకొచ్చి కెజియా కొంగు పట్టుకుని, "అమ్మా, ఆకలేస్తోంది," అంది.

"అమ్మేంటే? అత్తనే నేను."

"నాన్న అమ్మా అని పిలవమన్నాడు."

"ఏరా, నా పిలుపు మార్చేశావే?" అని కేకేసింది కెజియా. "సరదాకిలే అక్కా," అన్నాడు లోపల్నుంచి. పిల్లల్లేని కెజియాకి ఆ పిలుపు బాగానే ఉంది. ఇంకోసారి అడగలేదు.

ఆరో వారం వచ్చేసరికి తూకం మిషను రెండున్నర కిలోలు తగ్గిందని చూపించి ఆగిపోయింది. కిందకి రానంటే రానంది. మిషను పాడైందేమోనని ఇంకోటి తెచ్చారు. అదీ అదే మాట చెప్పింది.

ఆ గురువారం మధ్యాహ్నం ఏసుకుమార్ రక్తం కక్కుకున్నాడు. కెజియా వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎలిజబెత్తు బేసిను పట్టుకుంది. అంతలో వాచీ ఝుమ్మంది. విజయ్ కుమార్ వంగి చూశాడు. గుండె నూట ముప్ఫై. వ్యాయామం మొదలుపెట్టారా అని అడుగుతోంది. కింద క్యాలరీలు ఒకటొకటిగా ఎక్కుతున్నాయి.

"కూర్చునే ఉన్నావు కదా," అన్నాడాయన.

లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం కాలేజీ ల్యాబ్ నుంచి థర్మామీటరు తెచ్చాడు. కెజియా నడిచొచ్చి బిందె దించగానే అందులో ముంచాడు. బయల్దేరేటప్పుడు ముంచి చూస్తే ఇరవై ఆరు. ఇప్పుడు నలభై.

"పదిహేను లీటర్లు. పధ్నాలుగు డిగ్రీలు. రెండొందల పది క్యాలరీలే." ఆయన థర్మామీటరు పైకి తీశాడు. "వాచీ నిజమైతే యాభై ఎనిమిది ఉండాలి. చెయ్యి పెట్టలేకపోవాలి. అది గుండెని చూసి లెక్క కడుతోంది కెజియా. నడిచినా కొట్టుకుంటుంది, భయపడినా కొట్టుకుంటుంది. దానికి తేడా తెలీదు. నాకైనా తెలియొద్దూ? రోజూ కళ్ళ ముందే ఉంది బిందె."

"తమ్ముడి మీద బెంగతో కొట్టుకున్నదంతా..."

"దాంతో ఏమీ కరగలేదు."

కెజియా ఏడవలేదు. ఏసుకుమార్ దగ్గరికెళ్ళి, "రోజూ కాగాయన్నావు కదరా," అంది.

"నా ఒంటికి అలాగే ఉండేవక్కా," అన్నాడు వాడు. జబ్బు ఒళ్ళు కదా, తెలీలేదు కాబోలనుకుంది.

ఆ రోజు నుంచి అన్నం మానేసింది. మజ్జిగ తాగి మూడు పూటలా నడిచింది. ఆదివారాలు కొల్లేటి గట్ల దాకా వెళ్ళి, చేపల చెరువుల చుట్టూ బిందెతో తిరిగింది. కళ్ళు తిరిగి ఒకసారి గట్టు మీదే కూలబడితే కాపలా మనిషి లేపి, బిందె మళ్ళీ చంకకెత్తి పంపాడు. ఎలిజబెత్తు పులుసు గిన్నె ముందు కూర్చుని, "నా చేత్తోనే వడ్డించాను తల్లీ, నా చేత్తోనే," అని తల బాదుకుంది.

పది వారాలయ్యాయి. తగ్గింది అయిదు కిలోలు. స్కాను చూసి డాక్టరు కళ్ళద్దాలు తీశాడు. "ఇంకో నాలుగు వారాలు కావాలమ్మా," అన్నాడు. ఏసుకుమార్ దగ్గర నాలుగు వారాలు లేవు. తొమ్మిదో రోజున, పొద్దున పదిగంటలకి, పోయాడు.

పెట్టెలో పెట్టే ముందు ఒళ్ళు కడగడానికి కెజియానే నీళ్ళు మోసుకొచ్చింది. వాచీ ఆ రోజు ఎప్పుడూ లేనంత చూపించింది. నీళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి.

వాడికోసం ప్రార్థనలు చేసిన ఆదరణ కూడిక అయిపోయిన మర్నాడు అయిదున్నరకి మళ్ళీ గేటు తీసింది. ఎందుకు నడుస్తోందో తనకే తెలీదు. మోసుకొచ్చిన బిందె పెరట్లో పీట పక్కన దించి, ఇక పొయ్యాల్సినవాడు లేడని గుర్తొచ్చి అలాగే నిలబడిపోయింది. జెస్సీ తువ్వాలు భుజానేసుకుని వచ్చింది. బిందెలో చెయ్యి పెట్టి, అచ్చం వాడిలాగే, చాలాసేపు ఉంచింది.

"అమ్మా, నీళ్ళు కాగాయా?"

"నువ్వే చూస్తున్నావుగా."

"గోరువెచ్చగానే ఉన్నాయి." పిల్ల హమ్మయ్య అనుకున్నట్టు ఊపిరి వదిలింది. "రోజూ ఇంతే. నాన్నకి తెలుసు. ఐసు లెక్క తిరగేస్తే తెలిసిపోద్దంట. కాగలేదంటే అత్త అన్నం మానేస్తది, ఎవరికీ చెప్పకు అన్నాడు."

కెజియా పీట మీద కూలబడింది. "ఎప్పుడన్నాడే?"

"మామయ్య పేపర్లు దిద్దుతున్నారే, ఆ ఆదివారం. నీళ్ళు కాగిన రోజున మళ్ళీ అత్తా అని పిలుద్దువుగానీ, అందాకా అమ్మా అని పిలువు అన్నాడు."

మూడు వారాలు. మూడు వారాలూ వాడు చావుని ఒళ్ళంతా పోయించుకుంటూ, కాగాయక్కా, కాగాయక్కా అన్నాడు. ఆ మూడు వారాల్లో వాడు చక్కబెట్టుకున్న పని ఇదొక్కటే. కెజియాకి గుండె దడదడలాడింది. వాచీ ఝుమ్మని, వ్యాయామం మొదలుపెట్టారా అని అడిగింది.

జెస్సీ బిక్కమొహంతో ఆమెకేసి చూసింది. "ఎప్పటికైనా కాగుతాయా అమ్మా?"

కెజియా చెంబు ముంచింది.

"కాగవు," అంది. "నేను మోసిన నీళ్ళు ఇంక ఎప్పటికీ కాగవు. రా, తల వంచు."