నీళ్లు కలపని కషాయం

మీ నాయనమ్మ చెయ్యి కాలిందని రాశావా? కొట్టెయ్యవే మనవరాలా. కాల్చారని రాయి.

అప్పుడు మేం ఆసామి పొలం కౌలుకి తీసుకుని పొగాకు వేశాం. ఆయనకి పురుగుమందుల కొట్టు కూడా ఉంది. ఆయన పొలం చేసేవాడు ఆయన మందే కొట్టాలి. ఆ ఏడు మొక్కల మొదట్లో పొగాకు మల్లె లేచింది. పేరుకే మల్లె. ఒంటిమీద పచ్చటాకు ఒక్కటుండదు, పొగాకు వేరు పట్టుకుని రసం పీల్చేస్తుంది. కొట్టు మందు మూడుసార్లు కొట్టినా చావలేదు. మీ నాయనమ్మ వేపగింజలూ జిల్లేడాకూ దంచి కషాయం కాచింది. పొగాకు మాడిపోతుందేమోనని నేనే భయపడి సగానికి సగం నీళ్లు పోశాను. మల్లె తలైనా వాల్చలేదు. "ఏం బావా, మల్లెకి టీ పోస్తున్నావా?" అని కూలోళ్లు ఒకటే నవ్వు.

ఆసామికి కబురు చేరింది. పొద్దున్నే నలుగురిని వెంటేసుకుని చేలోకొచ్చాడు. మీ నాయనమ్మ గట్టు పక్కన పొయ్యి మీద గుండిగలో మళ్లీ కషాయం కాస్తోంది. నన్ను బోర్లా పడేసి ఇద్దరు వీపు మీద కూర్చున్నారు. నోటినిండా మన్ను. పక్కటెముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

"నా కొట్టుకే పోటీ పెడతావటే? ముంచండ్రా!" అన్నాడు ఆసామి.

మరుగుతున్న గుండిగలో ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచారు. ముంచినవాడు నా తమ్ముడు, మీ చిన్నతాత. ఆసామి దగ్గర జీతానికుండేవాడు. మొహానికి గుడ్డ కట్టుకున్నాడు గానీ, "వదినా, కదలకు" అని నోరు జారాడు. ఆ గొంతు ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

పోతూ పోతూ ఆసామి గట్టు మీది కుండని తన్నాడు. చల్లారబెట్టిన కషాయం, నేనింకా నీళ్లు కలపలేదు. అంతా రెండు సాళ్లలోకి పారింది. ఐదోరోజుకి ఆ రెండు సాళ్లలో మల్లె నల్లగా మాడిపోయింది. పొగాకు నిలబడింది.

ఆసామి మళ్లీ వచ్చాడు, ఈసారి ఒక్కడే. "ఏమేం వేశావమ్మా? ఎంతెంత? నా చేలన్నీ పోతున్నాయి."

మీ నాయనమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని అరుగు మీద కూర్చునుంది. ఎదురుగా పదిమంది కూలాడవాళ్లు గింజలు దంచుతున్నారు.

"వీళ్లందరికీ చెప్పాను. నీకు చెప్పను."

ఆయన చెయ్యెత్తాడు. దంచే చప్పుడు ఆగిపోయింది. పది రోకళ్లు లేచినవి లేచినట్టే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు.

మీ చిన్నతాతకి ఇప్పుడు చూపు లేదుగా. మేం గుర్తుపట్టలేదనే ఇన్నేళ్లూ అనుకుంటున్నాడు. వెళ్లి ఇది చదివి వినిపించు తల్లీ. ఆ "వదినా" దగ్గర మాత్రం గబగబా దాటెయ్యకు.