మయిల కొమ్ము

మా ఆయన మాదప్ప, ఎద్దును ‘వాడు’ అంటాడు, నన్ను ‘ఇది’ అంటాడు. ‘వాడు తిన్నాడా? ఇది యాడికి పోయింది?’ పెళ్లయిన కొత్తలో ఏడ్చాను, తర్వాత అలవాటైపోయింది. మాకు ఒక జత ఎద్దులుండేవి: ఎర్రది సెవల, బూడిదరంగుది మయిల. మయిలను దూడప్పటి నుంచి గంజి తాపి పెంచింది నేను, పేరు మాత్రం ఆయనకు.

ఎనభై ఏడులో మయిల తల ఒక పక్కకు వాల్చడం మొదలుపెట్టింది. కుడి కొమ్మును గుంజకేసి రుద్దేది. ఒక పొద్దున అదే పక్క ముక్కులోంచి నెత్తురు కారింది. కొమ్ము పట్టుకుంటే పాలపన్నులా కదిలింది. ఊరి పెద్ద అంజప్ప వచ్చి చూశాడు.

“కొమ్ము పుండు రా మాదప్పా. ఇది మానే జబ్బు కాదు. సంతకు తోలేయ్.”

సంతకు తోలడమంటే కోతకు తోలడమే. మా ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు. నాకు జ్వరం వచ్చినప్పుడు మాత్రం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఆయన దిగులుగా కూర్చుంటే పని జరుగుతుందా? నేనే పశువుల ఆస్పత్రికి పోయి గోల పెట్టాను. వాళ్లు కబురు పెడితే, కొత్తగా పెట్టిన నామక్కల్ పశువైద్య కాలేజీ నుంచి బాలసుందరం అనే కుర్ర డాక్టరు వచ్చాడు. తమిళదేశంలో ఉన్నా, మాలాగే వాళ్ల ఇంట్లోనూ తెలుగే. ఎద్దుల కొమ్ముల్లో పుట్టే కేన్సరు మీదే అతని పరిశోధన.

“కొమ్ము తీసేస్తాను తాయమ్మక్కా. లోపలి గడ్డను కాలేజీకి ఎత్తకపోయి, నూరి, మందులో చంపి, దాన్నే మళ్లీ మయిలకు సూదిగా వేస్తాము.”

మా ఆయన లేచి నిలబడ్డాడు. “తీసిన పీడను మళ్లీ వాడి ఒంట్లోకే ఎక్కిస్తావా సామీ?”

“మన ఒళ్లంతా కంటికి కనపడని కణాలే మామా. నెత్తురులో కావలి కాసే కణాలు కూడా ఉండాయి. బయటి నుంచి క్రిమి వస్తే పట్టి చంపుతాయి. ఈ గడ్డ బయటిది కాదు. మయిల సొంత కణాలే దారి తప్పి పెరిగినాయి. కావలివాళ్లకు అనుమానం రాలేదు.”

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు” అన్నాను నేను.

“అదే అక్కా! ఆ దొంగను చంపి, కావలివాళ్ల ముందర పడేసి, వీడే అని చూపిస్తాము. ఒంట్లో మిగిలిన దొంగల్ని వాళ్లే పట్టుకోవాల. పట్టుకోకనూ పోవచ్చు. కొన్ని ఎద్దులకు మానింది, కొన్నిటికి తిరిగొచ్చింది. నేను ఒట్టేసి చెప్పలేను.”

ఒట్టు వేయనందుకే నాకు అతని మీద నమ్మకం కుదిరింది.

మత్తుసూది వేసి కొమ్ము కోశాడు. లోపలి గడ్డ కాలీఫ్లవరులా ఉంది. దాన్ని గుడ్డలో చుట్టి అరుగు మీద పెట్టాడు. ఫ్లాస్కులో తెచ్చిన ఐసు కరిగిపోయిందని, ఫ్లాస్కు తీసుకుని, స్టేషను దగ్గర తెచ్చుకున్న అద్దె సైకిల్ మీద మొరప్పూర్ సోడా షాపుకు పోయాడు. సాయంత్రం రైలెక్కి సేలం, అక్కణ్ణుంచి బస్సులో నామక్కల్ చేరాలి. నేను కుడితి కలపడానికి లోపలికి పోయాను.

డాక్టరు తిరిగొచ్చేసరికి అరుగు మీద గుడ్డా లేదు, గడ్డా లేదు.

“ఏమయ్యా, ఈడ పెట్టింది ఏమైంది?” అన్నాను.

“చెట్టుకు కట్టేసి వచ్చినాను” అన్నాడు మా ఆయన, పుణ్యకార్యం చేసినవాడిలా.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఆవు ఈనితే మాయను పారేయరు. గడ్డిలో చుట్టి పాలు కారే చెట్టుకు కడతారు. కుక్క నోట పడితే పశువుకు కీడని నమ్మకం. డాక్టరు ఫ్లాస్కు పట్టుకుని పోతుంటే, అతనికి కావాల్సింది అందులోకి పోయిందని, అరుగు మీద మిగిలింది మన మయిల ఒంటి ముక్కేనని మా ఆయన అనుకున్నాడట.

“ఆ ముక్క లేకపోతే మందు లేదు మామా” అన్నాడు డాక్టరు.

నాకు ఒళ్లు మండిపోయింది. “నీ పద్ధతి పాడుగాను!” అంటూ మేకలకు ఆకు కోసే దోటి పట్టుకుని గట్టు మీది అత్తిచెట్టు దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే కాకులు చేరాయి. మూటను పైకొమ్మకు కట్టాడు మహానుభావుడు. కాకుల్ని అదిలించి, దోటికొక్కెంతో తాడు తెంపి, మూటను కొంగులో పట్టాను.

డాక్టరు విప్పి చూశాడు. ఒక పక్కంతా కాకులు పీకేశాయి. పైభాగం కత్తితో చెక్కేసి లోపల చూశాడు.

“సరిపోతుందా తమ్ముడూ?”

“సరిపోతుంది అక్కా. లోపలంతా బాగుంది.” దాన్ని ఐసులో పెట్టి, కాఫీ కూడా తాగకుండా స్టేషనుకు సైకిల్ తొక్కాడు.

మా ఆయన మయిల కాళ్ల దగ్గర కూలబడ్డాడు. “నా చేతులతోనే వాణ్ణి చంపబోయినానే” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తిట్టడానికి నా దగ్గర ఇంకా బోలెడు తిట్లున్నాయి గాని అక్కడికి ఆపాను. కంచంలో అన్నం పెట్టి పక్కన కూర్చున్నాను.

తర్వాత డాక్టరు వచ్చి సూదులు వేసి పోతుండేవాడు. పొద్దున లేస్తూనే నేను దేవుడి కంటే ముందు మయిల ముక్కు చూసేదాన్ని. నెత్తురు ఆగింది. పుండు ఎండి పూడింది. ఒక రోజు మయిల తల నిటారుగా పెట్టి, పక్కనున్న సెవల మేతలో కూడా మూతి పెట్టింది. ఆ దొంగతనం చూసి ఎంత సంతోషపడ్డానో!

చిత్తిర నెల వచ్చింది. ఊరంతా కలిసి తొలి దుక్కి దున్నే పొన్నేరు రోజున మా ఆయన రెండెద్దులనూ తోలుకుపోయాడు. వరసలో నిలబెట్టబోతే అంజప్ప అడ్డమొచ్చాడు.

“ఒంటికొమ్ము ఎద్దును పొన్నేరుకు కడితే ఊరికి కీడు. సెవలకు వేరే జోడు చూసుకో.”

మా ఆయన పుట్టి బుద్ధెరిగి పెద్దల మాట జవదాటలేదు. కట్టకపోతే ఇక మయిల ఉత్త మేత దండగ, మళ్లీ సంత మాట వస్తుంది.

“పెద్దాయనా, ఇన్నాళ్లూ నీ మాట విన్నాను. ఈ ఒక్కటి వినను” అన్నాడు ఆయన. కాడి ఎత్తాడు.

కాడి ఇంకా గాల్లోనే ఉంది. మయిల తానే నడిచి వచ్చి సెవల పక్కన నిలబడి మెడ వంచింది. ఎవరూ తోలలేదు, పిలవలేదు. అంజప్ప తువ్వాలు భుజాన వేసుకుని పక్కకు తప్పుకున్నాడు.

“పసుపు తేవే” అన్నాడు మా ఆయన. తీసుకుపోయి మయిల నుదుట పెట్టబోయి, దాని మొహానికి నా మొహం ఆనించి, ఊరంతా చూస్తుండగా భోరున ఏడ్చాను.