నూట ఇరవయ్యో గడి

నేను ఒక కిటికీని. గోడకు బిగించినదాన్ని కాను; ఎండా గాలీ నాకు తెలియవు. కంప్యూటర్ తెర మీద తెరుచుకునే కిటికీని. ఈ మధ్యాహ్నం ధర్మవరంలో, వంటింటి పక్క గదిలో నేను తెరుచుకుని ఉండగా చేనేత సొసైటీ సెక్రటరీ నాగభూషణం ఫోన్ చేశాడు.

"ఈశ్వరమ్మా, మచ్చు గుడ్డ మగ్గం దిగింది. హంసలు ముక్కుతో సహా ఉండాయి. అంచు ఖాయం చేసినాం, ఇరవై మగ్గాలకూ ఇదే. మీ మామకు చెప్పు."

ఈశ్వరి చెప్పలేదు. ఫోన్ తీసుకెళ్లి నేరుగా మామగారి చెవికి ఆనించింది. డెబ్బై ఏళ్ల రుద్రప్ప ఆ మాట రెండోసారి చెప్పించుకుని విన్నాడు. మూడోసారి కూడా అడిగితే నాగభూషణం విసుక్కోకుండా చెప్పాడు.

ఈ వార్తలో నా వాటా ఎంతో చెప్పుకోవాలని ఉంది. గొప్పలు పోతున్నానంటే పోనివ్వండి. నేను పుట్టి ఐదు నెలలే అయింది.

నన్ను చేసింది ఈశ్వరి. పూర్తి పేరు చౌడేశ్వరి. పెళ్లయి ఏడు నెలలు. హైదరాబాదు కంపెనీ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తుంది. అత్తవారింట అడుగుపెట్టిన మొదటి వారంలోనే ఒక సంగతి కనిపెట్టింది. మామగారు నలభై ఏళ్లుగా పట్టుచీరల అంచులకు బొమ్మలు గీస్తున్నాడు. గళ్ల కాగితం మీద గీత. అడ్డంగా ఒక్కో గడి చీరలో ఒక్కో పోగు. ఆ గళ్లు ఇప్పుడాయనకు ఆనడం లేదు. ఆపరేషన్లు అయ్యాయి, చూపు ఇంతకన్నా మెరుగుపడదని డాక్టరు చెప్పేశాడు. కాగితాన్ని ముక్కుకు తగిలించుకుని గీస్తూ, ఎవరైనా అడిగితే "వాసన చూస్తాండాలే" అనేవాడు. సొసైటీలో మాత్రం, ఇక బయటినుంచి డిజైన్లు తెప్పించుకుందామనే మాట మర్యాదగా మొదలైంది. గీత ఆగిపోతే ఆయన రోజంతా ఏం చేస్తాడో ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఒక ఆదివారం ఈశ్వరి ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. తనది ల్యాప్‌టాప్, మామగారికి టాబ్లెట్, సొసైటీలో ఓ పాత కంప్యూటర్. మూడింటి తీరూ వేరు. మూడింటికీ మూడు కిటికీలు విడివిడిగా కట్టే తీరిక కొత్త పెళ్లికూతురికి ఎక్కడిది? అందుకని ఫ్రేమ్‌వర్క్ అనే ఏర్పాటును పట్టుకుంది. ప్రోగ్రామ్ ఒక్కసారి రాస్తే చాలు. ఏ యంత్రం మీదికి వెళితే ఆ యంత్రం అలవాట్లకు తగ్గట్టు అది నన్ను నిలబెడుతుంది.

"ఒకే అట్టల దండ ఏ మగ్గానికి కట్టినా అదే బొమ్మ దిగుతుంది కదా మామా, అట్లాగన్నమాట," అంది.

మగ్గానికి ఏ పోగు లేపాలో చెప్పేవి ఆ చిల్లుల అట్టలే. రుద్రప్పకు ఇంకో మాట అక్కర్లేకపోయింది.

మొదట్లో నేను ఉత్త బూడిదరంగు పెట్టెను. నాలో ఒకే ఒక బటన్. నొక్కితే "తిన్నావా?" అని అక్షరాలు కనిపించేవి. దాన్ని నొక్కడానికి ఈశ్వరి భర్త గిరిధర్ రోజుకు పదిసార్లు వచ్చేవాడు. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఆ మాట బటన్ చేత అడిగించడంలో ఏం సుఖముందో నాకు తెలియదు. ఆమె మాత్రం ప్రతిసారీ నవ్వేది. తరువాత గళ్లు వచ్చాయి, రంగులు వచ్చాయి, వేళ్లతో లాగితే గడి అరచేతంత అయ్యే వీలు వచ్చింది. రుద్రప్ప ఆ పెద్ద గళ్లలో తన మొదటి హంసను గీసిన రోజు నా అంత కిటికీ లేదనుకున్నాను.

అట్టలు కొట్టారు. మచ్చు గుడ్డ నేశారు. వరసలో ప్రతి హంసకూ ముక్కు తెగి ఉంది.

నాగభూషణం గుడ్డ పట్టుకుని ఇంటికే వచ్చాడు. "ఏమన్నా రుద్రప్పన్నా, ఒక పోగు మింగేసినావే. కండ్లు కనపడకపోతే చెప్పల్ల గదా."

"మింగింది నేను కాదులేప్పా."

"మరి కంప్యూటర్ మింగిందా?"

ఈశ్వరి తన ల్యాప్‌టాప్‌లో నన్ను తెరిచి లెక్కపెట్టింది. అంచుకు కావలసిన నూట ఇరవై గళ్లూ అడ్డంగా ఉన్నాయి, నిక్కచ్చిగా. మామగారి వైపు చూడలేక నన్నే చూస్తూ కూర్చుంది. ఇంకొక్క మచ్చు చూసి కూడా కుదరకపోతే బయటి డిజైన్లే తెప్పిస్తామని చెప్పి నాగభూషణం వెళ్లిపోయాడు.

అప్పుడు రుద్రప్ప టాబ్లెట్ ఒళ్లో పెట్టుకున్నాడు. వేలి కొసతో ఒక్కో గడినీ తాకుతూ, పదికొకసారి ఆగి, కాగితం మీద లెక్కపెట్టినట్టే పైకి లెక్కపెట్టాడు. నా ఒళ్లంతా వేలిముద్రలే.

"నూట పంతొమ్మిదే వస్తాండాయమ్మా. నీ దాంట్లో కాదు, నా దాంట్లో లెక్కబెట్టు."

ఆమె లెక్కపెట్టింది. నూట పంతొమ్మిది. మళ్లీ పెట్టింది. అంతే.

ఎన్ని గళ్లు ఉండాలో ఈశ్వరి తెర వెడల్పును బట్టి నన్నే కొలుచుకోమంది. మామగారి చూపు కోసం ఆ టాబ్లెట్‌లో అన్నిటినీ పెద్దవి చేసి పెట్టింది కూడా తనే. పెద్దవైన గళ్లలో చివరిది పట్టలేదు. నేను చూపించలేని ఆ గడి, హంస ముక్కు కొన ఉండాల్సిన గడి, బొమ్మలోంచే రాలిపోయింది. ఆయన వేళ్లతో లాగి ఇంకా పెద్దవి చేసుకుని గీసేటప్పుడు ఒకసారికి పది గళ్లే కనబడతాయి. చివర ఒకటి లేదని ఎవరికి తెలుస్తుంది?

"తప్పు నాది మామా."

"నీదో దానిదో, దొరికింది గదా. పని చూడు."

ఆమె బొమ్మను నా నుంచి విడదీసింది. ఎన్ని గళ్లు, ఏ గడికి ఏ రంగు అనే లెక్క ఇప్పుడు వేరేచోట భద్రంగా ఉంటుంది. నేను దాన్ని చూపిస్తానంతే. ముందు చిన్నబుచ్చుకున్నాను. ఆ తరువాత ఈశ్వరి సొసైటీకి వెళ్లి, పదిమంది ముందు, "పోగు తప్పింది నా ప్రోగ్రామ్ వల్ల. పట్టుకున్నది మా మామ," అని చెప్పి వచ్చిందని విన్నాక నాకు సిగ్గేసింది. తప్పు ఒప్పుకునే మనిషి చేతుల్లో తయారైనందుకు గర్వంగానూ ఉంది. రెండో మచ్చుకు అట్టలు ఆ రోజే కొట్టించారు. దాని కబురే ఈ మధ్యాహ్నం ఫోన్.

ఫోన్ పెట్టేశాక గిరిధర్ మైసూర్‌పాక్ తెస్తే రుద్రప్ప సగం విరిచి కోడలికిచ్చాడు.

"కొంగు గీసి మూడేండ్లయిందమ్మా. నాలుగు వందల ఎనభై గళ్లు. ఇంక నాతో కాదని వదిలేసినా. రేపు మొదలుపెడదాం, పొద్దున ఏడింటికి."

"రేపు ఆదివారం నాయనా," అన్నాడు గిరిధర్. "మేం సినిమాకు పోతాండాం."

"మధ్యాహ్నం ఆటకు పోండి. పొద్దున అమ్మాయి నాకు కావల్ల."

"వస్తా మామా," అంది ఈశ్వరి. "ఏడింటికి."