మమ్ స్పందించలేదు

ఆదివారం మధ్యాహ్నాలు నాకు పట్టీలు ఊడదీసే పని. మా అమ్మాయి ఐవీ స్వెట్టర్లకీ బనీన్లకీ మెడ వెనకాల కంపెనీవాళ్ళు ఒక చిన్న పట్టీ కుడతారు కదా, అది. కత్తెరతో కత్తిరిస్తే మొదలు మిగిలిపోతుంది. ఆ మొదలు మా పిల్లకి ముల్లులా గుచ్చుకుంటుంది, బడిలో నేలమీద పడుకుని చెవులు మూసుకుంటుంది. అందుకని సూదిమొనతో ఒక్కో కుట్టూ లేపి, దారం లాగి, పట్టీ ఉన్న ఆనవాలు కూడా లేకుండా తీయాలి. స్వెట్టరుకి ఇరవై నిమిషాలు. పక్కన సోఫాలో మా ఆయన క్రెయిగ్ ఫుట్‌బాల్ చూస్తూ, "నీ చెయ్యి తిరిగినట్టు నాకు తిరగదు లే, లియాన్" అంటాడు. ఎనిమిదేళ్ళుగా అదే మాట. నా చెయ్యి మాత్రం పుట్టుకతో తిరిగిందా?

కానీ ఆ ఆదివారం నాకు కోపం రాలేదు. పని చేస్తూ చేస్తూ కూనిరాగం తీస్తున్నానని ఐవీ వచ్చి నా నోటిమీద చెయ్యి పెట్టేదాకా నాకే తెలియలేదు. ఎల్లుండి మంగళవారం. నదికి అటూ ఇటూ ఉన్న ఐదు ఊళ్ళ కౌన్సిళ్ళు మొదటిసారి ఒకే బల్ల చుట్టూ కూర్చోబోతున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకీ, కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లలకీ ఇకమీదట ఒకటే ఫారం, ఒకటే జాబితా, ఎవరికి ఏ వైద్యం దగ్గరైతే అక్కడ. మా మార్స్‌బీ కౌన్సిల్లో ఆ పిల్లల ఫైళ్ళు రాసే ఉద్యోగం నాది. పదకొండేళ్ళుగా చూస్తున్నాను. వంతెన దాటి ఇల్లు మారిన పిల్లకి అన్నీ మళ్ళీ మొదటినుంచి మొదలు, మళ్ళీ పరీక్షలు, మళ్ళీ వరుసలో ఆఖరు. పిల్లలకి నది తెలీదు, కౌన్సిళ్ళకే తెలుసు. ఆ ఉమ్మడి ఫారం నేనే రాశాను, మా వంటింటి బల్ల మీద, తెల్లారుజామున ఐవీ లేవకముందు. దానిలో మొదటి గడి ఉంటుందా ఎగిరిపోతుందా అన్నది మంగళవారం తేలుతుంది.

ఆ గడి కథ చెప్పాలి.

మార్చిలో రెండు కౌన్సిళ్ళ జాబితాలు పక్కపక్కన పెట్టి సరిచూశాం. అవతలి కౌన్సిల్ నుంచి ప్రూ అనే ఆవిడ వచ్చింది. రిటైరవడానికి ఏడాది ఉంది, సంచిలో ఎప్పుడూ హామ్ పెట్టిన స్టాటీ అనే మా ఊరి గుండ్రటి రొట్టె ఉంటుంది. ముప్పైయేడుగురు పిల్లల వివరాలు కలవలేదు. మా పైఅధికారి క్లైవ్ "కంప్యూటర్ తప్పు" అన్నాడు. కంప్యూటర్‌ది కాదు, మాది. పుట్టినరోజులు కలుస్తున్నాయి, కానీ ఇటు తల్లి ఇంటిపేరు, అటు తండ్రి ఇంటిపేరు, చిరునామాలు వేరు. ఇద్దరూ ఒకే పిల్ల అని తేల్చాలంటే తల్లి పేరు కావాలి. అది ఏ ఫైల్లోనూ లేదు. మేమంతా, డాక్టర్లూ టీచర్లూ సోషల్ వర్కర్లూ, పిల్లల తల్లిని "మమ్" అంటాం. ఎదురుగా కూర్చున్నా సరే, "మమ్ ఏమంటున్నారంటే" అని పక్కవాళ్ళతో అంటాం. అలాగే రాస్తాం. మమ్ ఆందోళనగా ఉన్నారు. మమ్ ఒప్పుకున్నారు. ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. మా అమ్మ డోరీన్ ముప్పైయేళ్ళు బడిలో పిల్లలకి అన్నం వడ్డించింది, రిటైరైన రోజు కార్డు మీద "మా డిన్నర్ మిస్‌కి" అని రాసి ఇచ్చారు. ఆ కార్డు చూసి నేను ఏడ్చాను. డిగ్రీ చదివి, మా ఇంట్లో మొదటి ఆఫీసు కుర్చీలో కూర్చుని, నేను చేసిందీ అదే.

ముప్పైయేడుగురిలో పందొమ్మిదో వరుస దగ్గర నా వేలు ఆగిపోయింది. ఇటు ఐవీ హెపుల్. అటు ఐవీ రిడ్లీ. ఒకే పుట్టినరోజు. హెపుల్ నా ఇంటిపేరు, మా పెళ్ళికి ముందు పుట్టింది కనుక పుట్టిన కాగితంలో అదే ఉంది. రిడ్లీ క్రెయిగ్ ఇంటిపేరు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ప్రూ, ఇది మా అమ్మాయి. ఈ ఫైలు నేను చూడకూడదు."

ప్రూ తెరని తనవైపు తిప్పుకుని చదివింది. తర్వాత కళ్ళజోడు తీసి, "తల్లిగా నీకు వినే హక్కున్న ముక్క ఒక్కటే చదువుతా బంగారం" అంది. "స్పీచ్ థెరపీకి రమ్మని ఉత్తరం పంపాం. మమ్ స్పందించలేదు. ఫైలు మూసేశాం."

ఇరవై నెలలకింద. ఆ ఇరవై నెలలూ నేను ఇవతలి ఒడ్డున వరుసలో నిలబడి ఉన్నాను, ప్రతి నెలా మొదటి సోమవారం ఫోన్ చేసి, "ఇంకా రాలేదండీ" అనిపించుకుంటూ.

ఉత్తరం ఎక్కడికెళ్ళిందో ఆ శనివారమే తెలిసింది. ఇల్లు దొరక్క అప్పట్లో ఆర్నెల్లు అవతలి ఒడ్డున మా అత్తగారు మౌరీన్ ఇంట్లో ఉన్నాం. ఆవిడే ఐవీని అక్కడి క్లినిక్‌లో రాయించింది. "రిడ్లీ అని కాక ఇంకేం రాయిస్తాను, మా పిల్లేగా" అంది. ఉత్తరం వచ్చేసరికి మేము వంతెన దాటి వచ్చేశాం. గడియారం వెనకనుంచి కవరు తీసి ఇచ్చింది, విప్పను కూడా లేదు. దాని మీద "ఐవీ రిడ్లీ మమ్‌కి" అని ఉంది.

"నీ పేరు లేదు కదా తల్లీ. ఏ పిల్లల బట్టల ప్రకటనో అనుకున్నా" అంది మౌరీన్. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు.

క్రెయిగ్ అన్న మాట ఇది: "అయినా కౌన్సిల్లో పనిచేసేది నువ్వు. నీకే తెలియాలి కదా ఇవన్నీ."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఆ మాట కాదు. "మమ్ స్పందించలేదు" అని నా చేతులతో నేను ఎన్నిసార్లు రాశానా అని. వాళ్ళందరి వంటగదుల్లోనూ ఏ గడియారం వెనక ఏ కవర్లున్నాయో. ఆఫీసు తెరిచిన రోజే వెళ్ళి ఫారం మొదటి గడిని మార్చాను: "ఈ పిల్లని రోజూ చూసుకునే మనిషి పేరు ఏమిటి? ఏమని పిలవమంటారు? ఏయే పనులు చేస్తారు?" మొదటి జీతం రోజున కూడా అంత హుషారు రాలేదు.

మీటింగుకి ముందురోజు, సోమవారం సాయంత్రం, ఫిష్ ఫింగర్లు ఒక ప్లేటులో, బీన్స్ ఇంకో ప్లేటులో పెడుతూ, ఒకదానికొకటి తగిలితే ఐవీ తినదు, "రేపు ఈతకి నువ్వు తీసుకెళ్ళాలి, నాకు మీటింగు" అన్నాను.

"సంచిలో ఏం పెట్టాలో నాకు తెలీదుగా."

మామూలుగా అయితే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తాను. ఈసారి రాయలేదు. "ఐవీని అడుగు. మాటలు రాకపోతేనేం, బొమ్మల కార్డుల్లో చూపిస్తుంది" అన్నాను. అతను బీన్స్ వైపు చూశాడు, బీన్స్ ఏమీ చెప్పలేదు.

మంగళవారం నా మంచి బూట్లు వేసుకున్నాను. హాల్లోకి అడుగుపెట్టగానే క్లైవ్, "లియాన్, కాస్త టీ సంగతి చూస్తావా? నోట్స్ కూడా నువ్వే రాసెయ్, నీ రాత ముచ్చటగా ఉంటుంది" అన్నాడు. టీ కెటిల్ ఎక్కడుందో వేలితో చూపించి నా కుర్చీలో కూర్చున్నాను. నోట్స్ మాత్రం రాశాను, పని పనే. మొదటి నలభై నిమిషాలు ఐదు కౌన్సిళ్ళ పేర్లలో ఏది ముందు రావాలన్న చర్చ జరిగింది. అక్షర క్రమమని ఒకాయన, జనాభా అని ఇంకొకాయన. అక్షర క్రమమన్న ఆయన ఊరు 'ఏ' అక్షరంతో మొదలవుతుంది. ప్రూ బల్లకింద నా కాలు తొక్కి, "ఎవరి పేరు ముందుండాలో ఎంత తాపత్రయమో చూడు" అని గొణిగింది.

తర్వాత ముప్పైయేడుగురి సంగతి వచ్చింది. "చిన్న సాంకేతిక లోపం. పైగా ఈ ప్రాంతంలో మమ్స్ స్పందించకపోవడం మనకి కొత్త కాదు. ఫారంలో ఆ మొదటి గడి అనవసరం, తీసేద్దాం" అన్నాడు క్లైవ్.

నేను కలం కిందపెట్టాను. అధ్యక్షస్థానంలో ఉన్న రొవీనాగారు ఆ శబ్దానికి తలెత్తారు.

"ఒక్క నిమిషం ఇస్తారా" అన్నాను. "ఒక చిన్న పని. మీ ముందు తలా ఐదు ఫైళ్ళున్నాయి. అందులోంచి ఒక్క తల్లి పేరు చదవండి. ఏ తల్లిదైనా సరే."

నవ్వులు. తర్వాత కాగితాలు తిరగేసిన చప్పుడు. తిరగేస్తూనే ఉన్నారు. అక్షర క్రమం ఆయన కళ్ళజోడు మార్చుకుని చూశాడు. క్లైవ్ చూడలేదు, అతనికి తెలుసనుకుంటాను. చిట్టచివరికి మూలనుంచి ఒకాయన, "షారన్... కాదు, ఇది సోషల్ వర్కర్ పేరు" అన్నాడు.

"మమ్ స్పందించలేదు అని రాశాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, చల్లగా వినబడింది. "స్పందించడానికి మనం ఎవరిని పిలిచాం? ఆ ముప్పైయేడుగురిలో ఒకత్తి మా అమ్మాయి. ఉత్తరం మీద నా పేరు ఉండుంటే మా అత్తగారు నాకు ఇచ్చేవారు. ఈపాటికి మా పిల్ల కొన్ని మాటలైనా మాట్లాడుతుండేదేమో. నేనూ ఇలాగే రాశాను పదకొండేళ్ళు. అందుకే చెప్తున్నాను, ఈ గడి తీసేస్తే మిగతా ఫారం తీసేసినా ఒకటే."

ప్రూ చెయ్యెత్తింది. తర్వాత మూలాయన. అక్షర క్రమం ఆయన కూడా ఎత్తాడు, అందరికన్నా ఎత్తుగా. ఐదు కౌన్సిళ్ళూ ఒప్పుకున్నాయి. ముప్పైయేడు ఫైళ్ళూ తిరిగి తెరవాలని, పోయిన వరుసలో వాళ్ళ చోటు వాళ్ళకివ్వాలని రొవీనాగారు నా చేతే నోట్స్‌లో రాయించారు. తర్వాత, "ఐదు చోట్లా ఇది నడిపించే మనిషి ఒకరు కావాలి. వారానికి రెండు రోజులు అటూ ఇటూ తిరగాలి. ఎవరు?" అని అడిగారు.

"లియాన్‌కి కష్టమండీ" అన్నాడు క్లైవ్, నామీద జాలితో, నా తరఫున. "ఇంట్లో అలాంటి పిల్ల. మమ్ కదా."

"లియాన్ హెపుల్" అన్నాను. "ఇంగ్లీషులో రెండు 'పీ'లు, ఒక 'ఎల్'. నేను చేస్తాను."

ఇంటికొచ్చేసరికి ఆరయింది. వంతెన మీద బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను, ఎదురుగా ఉన్న ముసలాయన తనని చూసే అనుకుని టోపీ తీసి పలకరించాడు. వంటింట్లో క్రెయిగ్ బనీనుతో కూర్చుని ఉన్నాడు. అతని స్వెట్టరు ఐవీ ఒంటిమీద మోకాళ్ళదాకా వేలాడుతోంది. బల్లమీద నా సూది, నలిగిన ఒక పట్టీ, నాలుగు దారప్పోగులు.

"తువ్వాలు మర్చిపోయా. నా స్వెట్టరు వేద్దామంటే పట్టీ అని గోల. ఈతకొలను నేలమీద కూర్చుని తాళంచెవితో మొదలెట్టా, మిగతాది ఇంటికొచ్చాక" అన్నాడు. వేలు చూపించాడు, సూది దిగిన చోట ఎర్రగా ఉంది. "ఎంతసేపు పట్టిందో తెలుసా?"

"ఇరవై నిమిషాలు" అన్నాను.

"నలభై."

"మొదట్లో నాకూ నలభై పట్టేది."

అతను లేచి కెటిల్ పెట్టాడు. ఐవీ వచ్చి స్వెట్టరు మెడ వెనక నా వేలు పెట్టించి, అక్కడ ఏమీ లేదని చూపించింది. కొత్త ఉద్యోగం సంగతి చెప్పాను. రెండు రోజులు, ఐదు ఊళ్ళు.

"మంచిదే" అన్నాడు. టీ పోస్తూ ఆగాడు. "మరి ఆ రోజుల్లో ఐవీని ఎవరు చూస్తారు?"

సంచిలోంచి ఉమ్మడి ఫారం తీసి అతని ముందు పెట్టాను. అందరికన్నా ముందు నేనే నింపిన ఫారం అది. మొదటి గడిలో మొదటి గీత మీద నా పేరుంది.

"అదే అడుగుతోంది" అన్నాను. "కింద ఇంకో గీత ఖాళీగా ఉంది. కలం ఇదిగో."